రాళ్లెక్కడానికి పాత యెజ్డీ

బుల్టాకో షెర్పా లాంటి అసలైన ట్రయల్స్ బళ్లు (కాలు నేల మీద పెట్టకుండా రాళ్లూ గుట్టలూ ఎక్కే పోటీల బైకులు) మన దగ్గర చాలా అరుదు. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల మీద నెమ్మదిగా పాకించడానికి పాత టూస్ట్రోక్ బైకు యెజ్డీ 250 మంచి బండి. బోరు (సిలిండరు వెడల్పు) 65 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75. స్ట్రోకు పొడుగు కాబట్టి తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది.

కొనేముందు ఆర్‌సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లను బండి మీద చెక్కిన అంకెలతో సరిచూడండి. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పదు.

పాత ఇంజిన్‌కు చాలామంది ముందు బోరింగ్ (సిలిండరు లోపల అరగదీసి పెద్ద పిస్టన్ వేయడం) చేయిస్తారు. అసలు జబ్బు క్రాంక్ సీళ్లది, అంటే క్రాంక్ షాఫ్ట్ రెండు చివర్లా గాలి, ఆయిల్ లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగులది. క్లచ్ వైపు సీలు పోతే ఇంజిన్ గేర్ ఆయిల్ పీల్చుకుని ఆగకుండా పొగ వదులుతుంది. డైనమో వైపుది పోతే గాలి లాగి పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది, ఐడిలింగ్ దానంతటదే పెరుగుతుంది, చివరికి కొత్త పిస్టన్ కూడా వేడికి సిలిండరులో పట్టేస్తుంది. అందుకే ఇంజిన్ విప్పినప్పుడే రెండు సీళ్లూ, బేరింగులూ మార్చేయండి. పాతవి పట్టుకెళ్లి సికింద్రాబాద్ రాణీగంజ్‌లో సైజు చూపించి తెచ్చుకోండి.

పాయింట్ల (స్పార్కు టైమింగ్ ఇచ్చే కాంటాక్టుల) గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ (టూస్ట్రోక్) ఆయిల్ కలపాలి, బోరింగ్ కొత్తదైతే 50.

ముందు స్ప్రాకెట్‌కు (ఇంజిన్ వైపు చైను తిప్పే పళ్ల చక్రానికి) ఒకట్రెండు పళ్లు తగ్గిస్తే మొదటి గేరు నడక వేగానికి దగ్గరవుతుంది. రాళ్ల మీద టైరులో గాలి 10-12 పీఎస్ఐకి దించాలంటే రిమ్ లాక్ (టైరును రిమ్ముకు బిగించి పట్టే బిళ్ల) ఉండాల్సిందే. లేకపోతే టైరు రిమ్ము మీద జారి, ట్యూబు వాల్వు దగ్గర చిరుగుతుంది.