మెడ నొప్పే లేదు, జబ్బు మాత్రం మెడలోనే

ముప్పై ఏళ్లుగా రాజమండ్రిలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతున్నాను. 2022 ఎండాకాలంలో సూదిలో దారం ఎక్కట్లేదు, చూపు తగ్గిందేమోనని కళ్లజోడు మార్పించా. తర్వాత హుక్స్ కుట్టడం కష్టమైంది, అన్నం కలుపుతుంటే మెతుకులు వేళ్ల సందుల్లోంచి జారిపోయేవి, ఒకరోజు బజారు నుంచి వచ్చి చూసుకుంటే కాలికి ఒక్క చెప్పే ఉంది, రెండోది ఎక్కడ ఊడిందో కూడా తెలీలేదు. షుగర్ ఉంది కదా నరాలు వీక్ అయ్యాయని బి12 మాత్రలు రాశారు, ఎనిమిది నెలలు అవే మింగా. ఆ ఎనిమిది నెలలు తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

చివరికి మా అమ్మాయి పట్టుబట్టి వైజాగ్ తీసుకెళ్లింది. అక్కడ స్పైన్ డాక్టరు గారు మోకాలి మీద చిన్న సుత్తితో తడితే కాలు ఎగిరిపడింది. "ఒట్టి షుగర్ వల్లయితే ఇలా ఎగరదమ్మా, ఆ ఎగరడం ఇంకా తగ్గుతుంది" అన్నారు. నడివేలి గోరు మీద చిటికేస్తే బొటనవేలు దానంతటదే ముడుచుకుంది, అలా ముడుచుకోకూడదట. పది సెకన్లలో ఎన్నిసార్లు గుప్పిట మూసి తెరవగలనో లెక్కపెట్టారు, 20 దాకా రావాలట, నాకు 11 వచ్చాయి. ఎంఆర్ఐలో చూస్తే సి5-సి6 దగ్గర, అంటే మెడలో ఐదో ఎముకకీ ఆరో ఎముకకీ మధ్య, వెనకున్న లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) లావెక్కి, చేతులకీ కాళ్లకీ నరాలు వెళ్లే వెన్నుపామును నొక్కేస్తోంది, ఆ వెన్నుపాములోనే దెబ్బతిన్న గుర్తుగా ఒక తెల్ల మచ్చ కూడా ఉంది.

మెడ ఆపరేషన్ అనగానే మావారు వద్దంటే వద్దన్నారు, కాళ్లూచేతులు పడిపోతాయని ఆయన భయం. డాక్టరు గారు ఓపిగ్గా కూర్చుని, ఆపరేషన్‌లో రిస్క్ లేదనను, చేయకపోతే మాత్రం చేతులు ఇంకా పోతాయి, ఇక్కడితో ఆపడానికే ఇది, పోయినదాంట్లో ఎంత తిరిగొస్తుందో మాటివ్వలేను అన్నారు. నొక్కుడు ఒక్కచోటే, అదీ వెనకనుంచే ఉంది, మెడ వంపు బాగుంది కాబట్టి కీహోల్ (చిన్న కోతతో చేసే ఆపరేషన్) కుదిరింది, లేకపోతే ముందునుంచో, స్క్రూలు వేసో చేయాల్సొచ్చేదట. మెడ వెనక రెండు సెంటీమీటర్ల కోత, కండని కోయకుండా పక్కకి జరిపి ట్యూబు దింపి, మైక్రోస్కోప్‌లో చూస్తూ ఎముక కాస్త అరగదీసి ఆ లిగమెంట్ తీసేశారు. మర్నాడు నడిపించారు, మూడో రోజు ఇంటికి పంపారు.

మొదటి నెలంతా ఏ మార్పూ లేదు, రాత్రుళ్లు ఏడ్చేదాన్ని. ఫిజియో అమ్మాయి రోజూ మెత్తటి బంతి నొక్కించేది, క్లిప్పులు తీయించేది. ఆరో వారంలో హుక్ పెట్టుకోగలిగా, ఐదో నెలలో సూదిలో దారం ఎక్కింది, మావార్ని వంటింట్లోంచి పిలిచి మరీ చూపించా. రెండు వేళ్ల తిమ్మిరి అలాగే ఉంది, చీకట్లో గోడ పట్టుకునే నడుస్తాను. ఇదివరకు రోజుకి నాలుగు జాకెట్లు, ఇప్పుడు ఒకటి.