214 దగ్గర ఆగిపోయిన మైఎస్‌క్యూఎల్

శనివారం రాత్రి సర్వర్‌లోని ఉబుంటు లినక్స్‌ని 14.04 నుంచి 16.04కి అప్‌గ్రేడ్ చేసి, అన్నీ పచ్చగా కనిపిస్తున్నాయని హాయిగా పడుకున్నా. ఆదివారం సాయంత్రం పిల్లలకి ఆన్‌లైన్ మాక్ టెస్ట్. ఏడు గంటలకి మొదలైంది. ఏడూ పదికి సార్ ఫోను: "ఏమయ్యా, సగం మందికి పేజీ రావట్లేదంట?"

లాగ్ నిండా ఒకటే మాట, 'టూ మెనీ కనెక్షన్స్'. అంటే మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌కి పట్టేవాటికన్నా ఎక్కువ కనెక్షన్లు వస్తున్నాయన్నమాట. ఒకేసారి ఎన్నింటిని తీసుకోవాలో చెప్పే మ్యాక్స్ కనెక్షన్స్ 500 అని రెండేళ్ల కింద నేనే పెట్టాను. మైఎస్‌క్యూఎల్‌నే అడిగి చూస్తే 214 అంటోంది. 800 చేసి రీస్టార్ట్ కొట్టా. 214. వెయ్యి చేశా. 214. వేరే ఫైలు చదువుతోందేమోనని కాన్ఫిగ్ ఫోల్డర్లన్నీ గాలించాను. చదువుతున్నది నేను మార్చిన ఫైలే.

అప్పటికి గానీ ఎర్రర్ లాగ్ మొదటి లైన్లు చూడాలని తోచలేదు. ఒకేసారి తెరిచి ఉంచుకోగల ఫైళ్లు, అంటే ఓపెన్ ఫైల్స్, మైఎస్‌క్యూఎల్ 5000 అడిగితే సిస్టమ్ 1024 ఇచ్చిందని అక్కడ రాసే ఉంది. అందులో తన సొంతానికి 10, కనీసం 400 టేబుళ్లకి రెండేసి చొప్పున 800 పక్కన పెట్టుకుంటుంది. కనెక్షన్లకి మిగిలింది 214. నా 500ని అది చదవకపోవడం కాదు, చదివి కోసేసింది.

సరేనని, యూజర్లకి ఇలాంటి పరిమితులు రాసే లిమిట్స్.కాన్ఫ్ ఫైల్లో మైఎస్‌క్యూఎల్ యూజర్ పేరున 65535 అని రెండు లైన్లు రాశా. రీస్టార్ట్. నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలుండే ప్రోక్ ఫోల్డర్లో మైఎస్‌క్యూఎల్ లిమిట్స్ తెరిచి చూస్తే అదే 1024. ఇక్కడే అరగంట పోయింది. ఆ ఫైలుని పట్టించుకునేది లాగిన్లు చూసుకునే పామ్, అదీ మనిషి లాగిన్ అయినప్పుడు. సర్వీసుల్ని లేపే సిస్టమ్‌డీ ఆ వైపే చూడదు. పాత 14.04లో ఆ పని చేసే అప్‌స్టార్ట్ మైఎస్‌క్యూఎల్‌ని రూట్‌గా, అంటే అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా లేపేది. మైఎస్‌క్యూఎల్ తన లిమిట్ తనే పెంచుకుని, ఆ తర్వాత మైఎస్‌క్యూఎల్ యూజర్‌గా మారేది. సర్వీసుని ఎలా లేపాలో సిస్టమ్‌డీకి చెప్పే కొత్త యూనిట్ ఫైల్లో మొదట్నుంచీ ఆ యూజరే. పెంచుకునే హక్కు దానికి లేదు.

ఆ ఫైలుకి అదనపు లైన్లు విడిగా రాసుకునే కమాండ్, సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అని కొడితే ఖాళీ నానో ఎడిటర్ తెరుచుకుంది. పైన బ్రాకెట్లలో సర్వీస్, కింద ఓపెన్ ఫైల్స్ పరిమితి, లిమిట్‌నోఫైల్ 10000. డీమన్ రీలోడ్, రీస్టార్ట్. ఈసారి వెయ్యికి వెయ్యీ వచ్చింది. అసలు యూనిట్ ఫైలు జోలికి పోలేదు, ప్యాకేజీ అప్‌డేట్ వస్తే అందులో మార్చినదాన్ని తుడిచిపెట్టేస్తుంది.

టైము తొమ్మిదిన్నర. టెస్టు బుధవారానికి వాయిదా వేశారని సార్ చెప్పారు, పిల్లలు సంబరపడ్డారట.

లిమిట్స్.కాన్ఫ్‌లో నేను రాసిన ఆ రెండు లైన్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఎందుకూ పనికిరావని తెలుసు. తీసేయడానికి మాత్రం చెయ్యి రావట్లేదు.