పాత పికప్‌కి బ్రేకు మళ్లీ పట్టేదాకా

2009 మోడల్ డీజిల్ పికప్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఖాళీగా బాగానే ఆగేది. లోడుతో ఘాట్ రోడ్డు దిగుతుంటే పెడల్ మెత్తబడి బండి జారేది. పెడల్ మీద కాలి బలాన్ని పెంచే బూస్టర్‌ని పెద్దది వేయించమన్నారు. నేను ముందు ఉన్నదాన్నే పరీక్షించాను. ఇంజిన్ ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా దిగాలి. దిగింది. అంటే బూస్టర్ బాగానే ఉంది.

మొదటి తప్పు వెనక చక్రాల్లో దొరికింది. ఎడమ డ్రమ్ము విప్పితే డ్రమ్ముని రాసుకుని ఆపే లైనర్ల మీద నల్లటి జిడ్డు, ముట్టుకుంటే గేర్ ఆయిల్ వాసన. యాక్సిల్ సీలు కారుతోంది. ఆయిల్ పీల్చిన లైనర్ని పెట్రోలుతో కడిగి వేస్తారు చాలామంది, అది వేడెక్కగానే మళ్లీ చెమరుస్తుంది. సీలు మార్చి, రెండు చక్రాలకూ లైనర్లున్న కొత్త షూలు వేశాను. ఒక్కవైపే మారిస్తే బండి పక్కకు లాగుతుంది.

అంతకంటే పెద్ద తప్పు లోడు సెన్సింగ్ వాల్వ్ దగ్గర దొరికింది. చాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య దూరాన్ని బట్టి అది వెనక బ్రేకులకు ప్రెషర్ వదులుతుంది. కమానుకట్టలో (లీఫ్ స్ప్రింగ్) అదనపు పట్టా వేయడంతో బండి వెనక లేచింది, లోడున్నా ఖాళీగా ఉందనుకుని వాల్వ్ ప్రెషర్ తగ్గించేస్తోంది. భారమంతా ముందు డిస్కుల మీదే పడి, ఆ వేడికి పాత బ్రేక్ ఆయిల్‌లోని నీరు ఆవిరై పెడల్ మెత్తబడేది. అదనపు పట్టా తీసేశాను. వాల్వ్ రాడ్డుని మాత్రం అంచనాతో తిప్పకూడదు. ప్రెషర్ ఎక్కువైతే ఖాళీ బండి వాన రోడ్డు మీద వెనక చక్రాలు లాకై అడ్డం తిరుగుతుంది.

ముందు డిస్కుల్ని ప్యాడ్లతో నొక్కే కాలిపర్ జరిగే స్లైడర్ పిన్నులు బిగుసుకుని లోపలి ప్యాడ్లే అరిగాయి. తుప్పు గీకి సిలికాన్ గ్రీజు రాశాను, మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన హోస్ పైపులు మూడూ మార్చాను.

ఒక లీటరు డాట్ 4 బ్రేక్ ఆయిల్ తెచ్చాను. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పీల్చుకున్నాక 155కే మరగవచ్చు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌కి దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి, వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరసలో పెడల్ తొక్కిస్తూ పైపుల్లోని ఎయిర్ తీశాను. పెడల్ కింద చెక్కముక్క పెట్టడం మరవకండి. పాత మాస్టర్ సిలిండర్‌లో పెడల్‌ని అడుగుదాకా తొక్కితే, ఎప్పుడూ వెళ్లని తుప్పు చోటికి లోపలి రబ్బరు వాషర్లు వెళ్లి చిరుగుతాయి.

కొత్త లైనర్లు సరిగ్గా కూర్చోవడానికి ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు తగ్గించాను. 200 కిలోమీటర్లయ్యాక వెనక షూలు మళ్లీ అడ్జస్ట్ చేశాను.