బీరువాలోని డిస్కులన్నీ ఒక్క రకం కావు

ఆప్టికల్ డిస్కుల గురించి ఎవరు రాసినా సీడీకి 700 ఎంబీ, డీవీడీకి 4.7 జీబీ, బ్లూరేకు 25 జీబీ అంటూ సామర్థ్యంతోనే మొదలుపెడతారు. కొత్తగా కొనే రోజుల్లో ఆ లెక్క అవసరమే. కానీ పాత డిస్కులను బీరువాలో దాచుకున్న ఇళ్లకు ఇప్పుడు తెలియవలసింది వేరు: సమాచారం ఏ పదార్థంలో, ఏ పద్ధతిలో నిలిచి ఉన్నది? హనుమకొండలో మా బావమరిది ఇంట్లో పెళ్లి వీడియోలు, మేడారం జాతర పాటల వీసీడీలు, ఎప్పటివో ఆఫీసు ఫైళ్లు అన్నీ ఒకే సంచిలో ఉన్నాయి. "బావా, అన్ని ఒక్కతీరుగనే మెరుస్తున్నయి, ముందుగాల ఏది కాపీ చేసుకోవాలె?" అని అతడు అడిగినప్పుడు నేను సామర్థ్యం మాట ఎత్తలేదు.

దుకాణంలో అచ్చు కవరుతో కొన్న పాటల డిస్కులు చాలావరకు ఫ్యాక్టరీలో ఒత్తినవి. నికెల్ అచ్చుతో పాలికార్బనేటు మీద గుంటలు ఒత్తి, వాటిపై పలుచని అల్యూమినియం పూత పూస్తారు. సమాచారం ప్లాస్టిక్ ఆకారంలోనే ఉంటుంది కనుక పూతకు తుప్పు పట్టనంత కాలం, గీతలు లోతుగా పడనంత కాలం దానికి పెద్ద ప్రమాదం లేదు. వీటిని చివరన చూసుకోవచ్చు.

స్టూడియోవాళ్లు రాసిచ్చిన సీడీ-ఆర్, డీవీడీ-ఆర్ (ఒక్కసారే రాయగల డిస్కులు) సంగతి అలా కాదు. వీటిలో గుంటలు ఉండవు. ఒక సేంద్రియ రంగు పొర ఉంటుంది, లేజర్ వేడికి ఆ పొర అక్కడక్కడ మారిపోయి గుంటలా కనబడుతుంది. లేజర్‌తో మారే ఆ రంగు ఎండకూ, వేడికీ, తేమకూ కూడా నెమ్మదిగా మారుతుంది. సీడీ-ఆర్‌లలో సయనిన్ రంగువి నీలి ఆకుపచ్చగా, అజో రంగువి ముదురు నీలంగా, థాలోసయనిన్ రంగువి దాదాపు రంగు లేనట్టుగా కనబడతాయి; వీటిలో సయనిన్ కన్నా థాలోసయనిన్ ఎక్కువ కాలం నిలుస్తుంది. మన ఓరుగల్లు ఎండాకాలంలో, పై అంతస్తు సజ్జ మీద, కిటికీ పక్కన పెట్టిన డిస్కుకు ఏ రంగు ఉన్నా గడువు తగ్గుతుంది.

చెరిపి మళ్లీ రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూ, డీవీడీ-ఆర్‌డబ్ల్యూ మూడో రకం. వీటిలో ఒక లోహ మిశ్రమం స్ఫటిక రూపం నుంచి అస్ఫటిక రూపానికి, మళ్లీ వెనక్కి మారుతుంది. ఇది సీడీ-ఆర్ కంటే చాలా తక్కువ కాంతిని తిప్పి పంపుతుంది కనుకనే పాత ప్లేయర్లు సీడీ-ఆర్‌డబ్ల్యూను గుర్తించేవి కావు. వెయ్యిసార్లు చెరిపి రాయవచ్చని చూసి శాశ్వతంగా దాచుకోవడానికి దీన్ని వాడినవారు ముందుగా దీన్నే కాపీ చేసుకోవాలి.

చాలామందికి తెలియని విషయం ఒకటి: సీడీలో సమాచారం బొమ్మ వైపునే, సన్నని లక్క పూత కిందనే ఉంటుంది. కింది వైపు గీతకు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అడ్డు ఉంది; పై వైపు బాల్‌పెన్నుతో పెళ్లివారి పేర్లు గట్టిగా రాస్తే నేరుగా ఆ పొరకే దెబ్బ. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల రెండు పలకల నడుమ పొర ఉంటుంది గనుక పేర్ల బాధ తక్కువ, అతుకు ఊడే బాధ ఎక్కువ. బ్లూరేలో పొర చదివే వైపుకు 0.1 మిల్లీమీటరు దూరంలోనే ఉంటుంది, అందుకే దానిపై గట్టి పూత వేస్తారు.

వీసీడీల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. సీడీలో సమాచారం సెక్టార్లు అనే చిన్న ముక్కలుగా ఉంటుంది; మామూలు డేటా సీడీలో 2352 బైట్ల సెక్టారుకు 2048 బైట్లే మన ఫైలుకు దక్కుతాయి. మిగిలిన దానిలో ఎక్కువ భాగం తప్పులు సరిదిద్దడానికి పోతుంది. వీసీడీ వీడియో సెక్టారులో ఆ అదనపు కాపలా తీసేసి 2324 బైట్లు నింపుతారు. ఒక ఫ్రేము చెడితే కన్ను సర్దుకుంటుందన్న ధైర్యం అది. గీత పడిన పెళ్లి వీసీడీలో బొమ్మ గళ్లు గళ్లుగా చెదరడానికి, కంప్యూటర్‌లో కాపీ చేస్తుంటే సగంలో ఆగిపోవడానికి ఇదొక పెద్ద కారణం. అటువంటప్పుడు డ్రైవు వేగం తగ్గించి చదివించడం, లేదా మరొక కంపెనీ డ్రైవులో పెట్టి చూడడం మేలు. ఒక డ్రైవు వదిలేసిన సెక్టారును మరొకటి చదవడం అరుదేమీ కాదు.

కాపీ చేసిన తరువాత మళ్లీ డిస్కులోనే దాచాలనుకునేవారికి నా సలహా బీడీ-ఆర్, అంటే ఒక్కసారి రాసుకునే బ్లూరే డిస్కు. అందులోనూ ఎల్‌టీహెచ్ అని రాసి ఉన్నది తీసుకోవద్దు. అది మళ్లీ సేంద్రియ రంగు పొరే. మామూలు బీడీ-ఆర్‌లో ఉండేది అకర్బన పదార్థం. అయితే సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది కనుక, డ్రైవులూ దొరకని రోజులను దృష్టిలో పెట్టుకుని హార్డ్ డిస్కులో రెండో ప్రతి కూడా ఉంచుకోవడం మంచిది.