అమ్మ లేసు అంచుతో ఈమెయిల్ కాగితం: నా అనుభవం

మా పెద్దమ్మ వాట్సాప్ వాడదు. మెల్‌బోర్న్‌లో మా అన్నయ్య దగ్గర ఉంటుంది, పొద్దున్నే కాఫీ గ్లాసుతో కంప్యూటర్ ముందు కూర్చుని మెయిల్ చూసుకుంటే గానీ ఆవిడకి తెల్లారదు. అందుకని నెలకోసారి అమ్మ చెబుతుంటే నేను టైప్ చేసి ఉత్తరం పంపిస్తాను. కిందటి వానాకాలం అలా కూర్చున్నప్పుడు అమ్మ తెరకేసి చూసి, "ఏంటమ్మాయ్, ఒట్టి తెల్లగా ఉంది? మీ అన్నయ్య వెళ్లిన కొత్తలో పంపినవాటికి ఎడం పక్కన తీగలుండేవి కదా" అంది. నిజమే. అప్పట్లో అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో రెడీమేడ్ కాగితాలుండేవి, వాటిని స్టేషనరీ అనేవారు. నాన్న ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి తెస్తే అమ్మ ఆ తీగల్ని వేలితో తడుముతూ ఉత్తరం వినేది. "మనకి తీగలెందుకు, లేసుంది కదా" అని కూడా తనే అంది.

మాది సఖినేటిపల్లి, వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. ఇక్కడివాళ్లకి లేసు గురించి చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెబుతున్నా: ఈ అల్లిక పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చి ఆడవాళ్ల చేతుల్లో ఊరూరా పాకింది, 2024లో నరసాపురం లేసుకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మా పెద్దమ్మా చిన్నప్పుడు ఒకే అరుగు మీద కూర్చుని అల్లినవాళ్లు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడు, అల్లి ఇస్తే కూలి. అమ్మ దగ్గర ఇప్పటికీ ఒక టేబుల్ క్లాత్ ఉంది, అంచు పొడవునా ఎనిమిది రేకుల పువ్వులు. దాన్నే వాడదామనుకున్నాం.

ముందు ఫోన్‌తో ఫొటో తీశాను. కంటికి బాగానే కనపడింది కానీ బొమ్మలు దిద్దుకునే గింప్ అనే ప్రోగ్రామ్‌లో తెరిచి ఒక గీత పెట్టి చూస్తే అంచు విల్లులా వంగి ఉంది, కిటికీ వైపు దారాలు తెల్లగా పేలిపోయి ఇటువైపువి బూడిద రంగులో ఉన్నాయి. ఫొటోతో పని జరగదు, స్కానరే కావాలి. పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వెళ్లి ఒక జిరాక్స్ షాపులో లేసు తీసి ఇస్తే, "కాయితం ఏదండీ?" అన్నాడా అబ్బాయి. ఇదేనండీ కాయితం అన్నాను. స్కానర్ మూత లోపల తెల్లగా ఉంటుంది, తెల్ల లేసు అందులో కలిసిపోతుంది కాబట్టి నల్ల జాకెట్టు గుడ్డ వెంట తీసుకెళ్లాను, లేసు మీద దాన్ని పరిచి 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున తీయించాను. ఇలాంటి పని ఎవరైనా చేస్తే ఈ నల్ల గుడ్డ మాత్రం మర్చిపోకండి, సగం పని అదే చేసి పెడుతుంది.

గింప్ ఉచితం, నా పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. మెజర్ టూల్‌తో అంచు వెంట గీత లాగి స్ట్రెయిటెన్ నొక్కితే బొమ్మ నిటారుగా తిరిగింది. గుడ్డ నలుపు స్కాన్‌లో నిజంగా నలుపు కాదు, ముదురు బూడిద, నేత కూడా కనపడుతోంది. లెవెల్స్‌లో నలుపు వైపు ముల్లును లోపలికి జరిపితే ఆ నేత మాయమైంది. ఆ తర్వాత కలర్ టు ఆల్ఫా పెట్టి నలుపు తీసెయ్యమన్నాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. కత్తిరించినట్టు కాకుండా దారం అంచున ఉండే నూగు కూడా సగం పారదర్శకంగా నిలబడింది, లేసు గాల్లో ఉన్నట్టు. కింద ఒక లేయర్ వేసి ముదురు కొబ్బరాకు పచ్చ నింపాను. ఆ రంగు లేకపోతే తెల్ల కాగితం మీద తెల్ల లేసు ఎవరికీ కనపడదు.

నా ప్లాన్ ఏంటంటే, పాత స్టేషనరీల్లాగా ఎడం పక్కన నిలువు పట్టీ. ఉత్తరం ఎంత పొడుగుంటే పట్టీ అంత రావాలి, అంటే ఒక్క పువ్వు ముక్కని టైల్‌గా చేసి బ్యాక్‌గ్రౌండ్‌లో పెడితే అదే కిందికి పేర్చుకుంటూ పోతుంది. అతుకు కనపడకూడదు, అంతే. ఆ అతుకు దగ్గర నాలుగు రాత్రులు పోయాయి. స్కాన్‌లో పట్టీ వెడల్పు 450 పిక్సెళ్లు, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి సుమారు 600. సుమారు అని ఎందుకంటున్నానంటే ఒకటి 598 వస్తే పక్కది 611. ఎక్కడ కోసినా దారం మెట్టు దిగినట్టు విరిగేది. టైల్ సీమ్‌లెస్ అనే ఫిల్టర్ వేశాను. అది అంచుల్ని ఒకదానిలోకి ఒకటి కరిగిస్తుంది, మబ్బులకీ ఇసుకకీ బాగుంటుందేమో గానీ లేసు రేకులు రెండేసి నీడలతో తడిసిన కాగితంలా అయిపోయాయి.

నేను విసుక్కోవడం చూసి అమ్మ వచ్చి కూర్చుంది. తెర మీద కాదు, ఒళ్లో అసలు లేసు పెట్టుకుని చూసింది. "చివరి పువ్వెందుకు తీసుకున్నావు? మొదలెట్టినప్పుడు చెయ్యి బిగుసుకుని ఉంటుంది, మధ్యలోది తీసుకో. కొయ్యాలంటే పువ్వు మీద కాదు, పువ్వుకీ పువ్వుకీ మధ్య మూడు దారాలే ఉంటాయి చూడు, అక్కడ" అంది. మూడే దారాలు! నేను రేకుల మీదుగా కోసి ఇరవై చోట్ల అతుకుదామని చూస్తున్నాను. మధ్య పువ్వు తీసుకుని ఆ మూడు దారాల దగ్గర సరిగ్గా 600 పిక్సెళ్లకి కోసి, ఆఫ్‌సెట్‌లో సగానికి జరిపాను. అలా జరిపితే పై అంచూ కింది అంచూ మధ్యలోకి వచ్చి కలుస్తాయి, అతుకు కళ్ల ముందుంటుంది. క్లోన్ టూల్‌తో మూడు దారాలూ కలపడానికి పది నిమిషాలు పట్టింది. అయిదో వంతుకి తగ్గిస్తే 90 బై 120, తెగని లేసు. తగ్గించడం ఎప్పుడూ ఆఖర్నే చెయ్యాలి, ముందే చేస్తే అర పిక్సెల్ తేడా వచ్చి ప్రతి పువ్వు కిందా సన్నటి గీత పడుతుంది.

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో ఉత్తరం తయారుచేసి ముందు నాకే పంపుకున్నాను, బ్రహ్మాండంగా ఉంది. పెద్దమ్మకి పంపాను. మర్నాడు అన్నయ్య ఫోన్. "తెల్లగానే వచ్చింది, ఏం లేదు" అన్నాడు. బ్యాక్‌గ్రౌండ్ బొమ్మల్ని కొన్ని మెయిల్ ప్రోగ్రామ్‌లు పట్టించుకోవు, వాళ్లింట్లోది ఆ రకం. చాలా బాధేసింది.

దాదాపు అందరికీ కనపడేది మామూలుగా చొప్పించిన బొమ్మ ఒక్కటే. అంటే నిలువు పట్టీ వదిలేసి ఉత్తరానికి పైన ఒకటి, కింద ఒకటి అడ్డంగా పెట్టాలి. మెయిల్ వెడల్పు 600 పిక్సెళ్లు పెట్టుకోవడం వాడుక, నా పువ్వు 120, అయిదు పువ్వులు పేరిస్తే సరిగ్గా 600. ఈ లెక్క కలిసినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. జేపెగ్‌గా దాస్తే ముప్ఫై కేబీ దాటలేదు. మెయిల్‌లో వెళ్లేటప్పుడు బొమ్మ అక్షరాలుగా మారి మూడో వంతు బరువు పెరుగుతుంది కాబట్టి చిన్నగా ఉంచడమే మంచిది. బొమ్మ తెరుచుకోకపోతే ఆ చోట కనపడేలా 'అమ్మ అల్లిన లేసు' అని రాశాను. ఉత్తరాన్ని మాత్రం బొమ్మగా చెయ్యలేదు. మండలి అనే తెలుగు ఫాంటులో అందంగా పెట్టాలని ఉన్నా, ఆ ఫాంటు అవతలి కంప్యూటర్‌లో లేకపోతే రాదు, బొమ్మగా పెడితే పెద్దమ్మ అక్షరాలు పెద్దవి చేసుకుని చదవలేదు.

ఈసారి చేరింది. పెద్దమ్మ జవాబు రెండే వాక్యాలు: "చాలా బాగుందమ్మా. కానీ ఇది మీ అమ్మ అల్లిందేనా, అయిదూ ఒక్కలాగే ఉన్నాయేంటి?"

అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నిలువు పట్టీకి టైల్ కావాలి, సరే. అడ్డం పట్టీకి టైల్ దేనికి? 600 బొమ్మకి కావలసింది అయిదు పువ్వులు, అమ్మ లేసు మీద వరసగా బోలెడున్నాయి. ఒకే పువ్వుని అయిదుసార్లు అచ్చు వేసి అమ్మ పేరు పెట్టి పంపాను నేను. మళ్లీ పంటు ఎక్కాను. అయిదు పువ్వులంటే పది అంగుళాలు, ఏ4 స్కానర్‌లో పొడుగ్గా పడుకోబెడితే పడతాయి. పైకి అయిదు, కిందికి వేరే అయిదు తీయించాను. ఈసారి కోతా అతుకూ లేవు. నిటారు చెయ్యడం, నలుపు తీయడం, పచ్చ నింపడం, తగ్గించడం, ఒక్క సాయంత్రంలో అయిపోయింది. 598 ని 598 గానే, 611 ని 611 గానే ఉంచాను. దాన్ని థండర్‌బర్డ్‌లో టెంప్లేట్‌గా దాచుకున్నాను, ఇప్పుడు నెలనెలా దాని మీదే రాస్తున్నాం.

ఆ ఉత్తరానికి జవాబు పెద్దది వచ్చింది, అరుగు గురించీ ఏజెంటు గురించీ వాళ్లమ్మ తిట్ల గురించీ. ఆఖర్న, "కింది వరసలో మూడో పువ్వుకి రేకులు ఏడే. మీ అమ్మకి కబుర్లలో పడితే లెక్క తప్పడం చిన్నప్పుడూ ఉండేది" అని ఉంది. నేను చదువుతుండగానే అమ్మ లేచి వెళ్లి టేబుల్ క్లాత్ తెచ్చి ఒళ్లో పరుచుకుని లెక్కపెట్టింది. ఏడే ఉన్నాయి.