వాననీటిని కొండ పాదంలోనే ఆపాలి

విశాఖలో జ్ఞానాపురం వైపు పల్లపు వీధులు మునిగిన ప్రతిసారీ అక్కడి కాలువలను వెడల్పు చేయాలన్న మాటే వినిపిస్తుంది. ఆ పని అనవసరమని నేను అనను గాని, ముంపు తయారయ్యేది అక్కడ కాదు.

ఉత్తరాన కైలాస, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం ఉన్న ఈ ఊళ్లో వాననీరు గెడ్డల (కొండవాగుల) వెంట చాలా వేగంగా కిందికి దిగుతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లు. చెట్లూ పొదలూ ఉన్న నేల అందులో కొంత పీల్చుకుని, మిగిలినదాన్ని ఆలస్యంగా వదులుతుంది. సిమెంటు మాత్రం దాదాపు అంతా నిమిషాల్లో దింపేస్తుంది. వాలు మీది ఇళ్ల నీరంతా ఒకేసారి గెడ్డలో పడడమే అసలు చిక్కు.

పైగా మనకు తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లో, నైరుతి వానలకు నేల నానిపోయిన తరువాత వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది కూడా అలాంటి సమయంలోనే. అప్పుడు సముద్ర మట్టం పెరిగి, పోటు కూడా తోడైతే, కాలువ ఎంత వెడల్పుగా ఉన్నా దాని నోటి దగ్గర నీరు వెనక్కి తంతుంది. అందుకే కొండ పాదంలో, గెడ్డలు చదును నేలకు దిగేచోట, ఆటస్థలాలనూ పార్కులనూ కొంత పల్లంగా ఉంచి, నీటిని కొన్ని గంటలు నిలిపి, సన్నని తూము గుండా వదలడం మేలని నా అభిప్రాయం. ఇంకుడు గుంతలు కూడా చదునుగా ఉన్న స్థలాల్లోనే తవ్వాలి. నిటారు వాలు మీద, పునాదిని ఆనుకుని తవ్వితే నానిన మట్టి జారే ప్రమాదం ఉంది.

మరొకటి పూడిక. లేఅవుట్ల కోసం కోసిన కొండల ఎర్రమట్టి మా వీధి కాలువలో గేట్ల ముందు వేసిన ర్యాంపుల కింద పేరుకుంటుంది. పారకు అందినంత మేర తీసి గట్టునే పోస్తారు, ట్రాక్టరు వచ్చేలోగా మరో వాన దాన్ని తిరిగి కాలువలోకే దింపుతుంది. కోసిన వాలుకు దిగువన మట్టి నిలిచే గుంత ఒకటి కట్టనిదే లేఅవుట్‌కు అనుమతి ఇవ్వకూడదు. ర్యాంపుల బదులు ఇద్దరు మనుషులు ఎత్తగలిగిన పలకలు వేసుకుంటే, వాటి కింది పూడికను కూడా తీయవచ్చు.