మృగశిర చుట్టూ ఉన్న వలయాన్ని పెరట్లోంచి ఫొటో తీశాను

మా పెరట్లోంచి ఓరియన్ అనే నక్షత్ర సముదాయంలోని పెద్ద చుక్కలు బాగానే కనిపిస్తాయి. మృగశిరలోని మూడు చిన్న చుక్కల కోసం మాత్రం వెతుక్కోవాలి. దీపాల వెలుగుతో ఆకాశం ఎంత మసకబారిందో 1 నుంచి 9 వరకు చెప్పే బోర్టిల్ కొలతలో 8వ తరగతి ఆకాశం మాది. ఆ చుక్కల చుట్టూ, పన్నెండు పున్నమి చంద్రుళ్ళను వరసగా పేర్చినంత వెడల్పున, ఒక హైడ్రోజన్ వలయం, అంటే వెలిగే వాయు మేఘం (నెబ్యులా) ఉంది. ఖగోళ శాస్త్రవేత్త షార్ప్‌లెస్ 1959లో ప్రచురించిన నెబ్యులాల జాబితాలో దాని సంఖ్య 264. చాలా పలచన. దాన్ని ఇక్కడి నుంచే తీయాలని పట్టుబట్టాను.

వలయం మధ్యలో ఉన్న లామ్డా ఓరియానిస్ చాలా వేడి నక్షత్రం. దాని అతినీలలోహిత కాంతికి చుట్టూ ఉన్న హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అవి మళ్ళీ చేరి, మూడో శక్తి స్థాయి నుంచి రెండో స్థాయికి దిగేటప్పుడు 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రటి వెలుగు ఇస్తాయి. అదే హెచ్-ఆల్ఫా. ఎల్ఈడీ వీధి దీపాల వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క సన్నని పట్టీని మాత్రమే వదిలే ఫిల్టర్ పెడితే ఆకాశపు వెలుగు చాలావరకు ఆగిపోతుంది, నెబ్యులాది దాదాపు అంతా లోపలికి వస్తుంది.

వాడింది 135 మి.మీ. లెన్స్, చల్లబరిచే మోనో (నలుపు-తెలుపు) కెమెరా. మామూలు డీఎస్ఎల్ఆర్‌లో సెన్సార్ ముందుండే ఫిల్టర్ ఈ ఎరుపును చాలావరకు అడ్డుకుంటుంది. నా ఫిల్టర్ వదిలే పట్టీ వెడల్పు 3 నానోమీటర్లు కాదు, 7. వేగవంతమైన, అంటే ఎక్కువ వెలుగును లోపలికి తీసుకునే లెన్స్‌లో కిరణాలు ఏటవాలుగా ఫిల్టర్ మీద పడతాయి. అప్పుడు అది వదిలే పట్టీ నీలం వైపు జరుగుతుంది, మరీ సన్నని ఫిల్టరైతే మనకు కావాల్సిన వెలుగునే కొంత పోగొడుతుంది. అందుకే లెన్స్ రంధ్రాన్ని కూడా ఎఫ్/2.8కి తగ్గించాను.

పోలార్ అలైన్‌మెంట్ (కెమెరాను తిప్పే స్టాండును ఆకాశపు ధ్రువానికి సరిచేయడం), గైడింగ్ (నక్షత్రాన్ని చూస్తూ కదలికను సరిదిద్దడం) కుదిరాక మిగతాదంతా ఓపిక. ఐదేసి నిమిషాల ఫ్రేములు, మధ్యమధ్యలో డితరింగ్, అంటే కెమెరాను కాస్త పక్కకు జరపడం. ఒక్క ఫ్రేము తెరిచి చూస్తే నక్షత్రాలు తప్ప ఏమీ లేనట్టే ఉంటుంది. సిగ్నల్ (కావాల్సిన వెలుగు), నాయిస్ (అడ్డదిడ్డపు మచ్చలు) నిష్పత్తి రెట్టింపు కావాలంటే నాలుగింతల సమయం పట్టాలి. కాబట్టి సీజనంతా ఈ ఒక్క వలయానికే ఇచ్చేశాను. రాత్రికో నెబ్యులా వెంట పడితే ఇంత పలచనిది ఎప్పటికీ తేలదని నా గట్టి నమ్మకం. వెన్నెల ఉన్నా, చంద్రుడు దూరంగా ఉంటే హెచ్-ఆల్ఫాలో పని నడుస్తుంది.

అసలు టెన్షన్ స్టాకింగ్, అంటే ఫ్రేములన్నీ కలిపి ఒక్క ఫొటో చేయడం, తర్వాత మొదలైంది. లెన్స్ వల్ల మూలల్లో వచ్చే చీకటి ఈ నెబ్యులా వెలుగు కంటే ఎక్కువ తేడా చూపిస్తుంది. ఫ్లాట్స్ (సమానమైన వెలుగును చూపించి తీసే సరిదిద్దే ఫొటోలు) సరిగ్గా ఉంటే అది పోతుంది. ఆకాశపు గ్రేడియంట్ (ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తగ్గుతూ పోయే వెలుగు) మాత్రం అంత సులువుగా వదలదు. దాన్ని తీసేసే సాఫ్ట్‌వేర్‌కు ఫ్రేమంతా నిండిన మసక వెలుగును చూపిస్తే, నెబ్యులాను కూడా గ్రేడియంట్ అనుకుని చెరిపేస్తుంది. ఏ వెలుగు ఆకాశానిది, ఏది నెబ్యులాది? నా దృష్టిలో ఈ పని మొత్తానికీ గుండెకాయ ఈ ప్రశ్నే.

రెండు విషయాలు దారి చూపాయి. ఒకటి, ఖగోళ శాస్త్రవేత్త ఫింక్‌బైనర్ 2003లో ప్రచురించిన హెచ్-ఆల్ఫా ఆకాశ పటం. మా ఫ్రేములో నిజంగా చీకటిగా ఉండాల్సిన చోట్లు ఏవో దాంట్లో చూసి, గ్రేడియంట్‌ను కొలిచే శాంపిల్ పాయింట్లు అక్కడే పెట్టాను. రెండోది, ఓరియన్ తూర్పున ఉన్నప్పుడు తీసిన ఫ్రేములను, పడమటికి వాలాక తీసినవాటిని వేరువేరుగా స్టాక్ చేయడం. వీధి దీపాల కాంతి ఒక వైపు నుంచే వస్తుంది, ఆకాశం తిరుగుతుంది. అందువల్ల రెండు స్టాకుల్లో గ్రేడియంట్ వేరే దిక్కుల్లో పడుతుంది, నెబ్యులా మాత్రం మారదు.

మొదట రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, బార్నార్డ్ 30 అనే నల్లటి ధూళి మేఘం వలయపు అంచును కొరికినట్టున్న చోటు రెండింట్లోనూ ఒకేలా కనిపించింది. తూర్పు వైపు బార్నార్డ్ 35 కూడా అంతే. దక్షిణపు అంచు దగ్గర మసకగా కనిపించిన ఒక పొర మాత్రం ఒక్క స్టాకులోనే ఉంది. అది ఆకాశపు వెలుగని తేల్చి తీసేశాను. చివరి ఫొటోలో ఉంచుకున్నవి రెండు స్టాకులూ ఒప్పుకున్న వివరాలే.